గాలికి ఎదురు దారి

గని కార్యాలయంలో పటాల గది, మిట్టమధ్యాహ్నం. మూసిన కిటికీల వెనక, కంప్యూటరు ముందు అక్క. నడుముకు తాడు చుట్టుకుని, ఆమె కుర్చీ వెనకే నిలబడ్డ తమ్ముడు.

“మళ్ళీ కొట్టక్కా.”

“కొట్టానురా. మళ్ళీ అదే మాట. దారి లేదు.”

“లేదంటే? బావ పొద్దున నడిచే కదా దిగాడు!”

“ఆ నడిచిన సొరంగమే కదా కూలింది! ఆ గీత నా చేత్తోనే తీసేశాను. కూడలికో చుక్క, సొరంగానికో గీత, దీనికి గనంటే ఇంతే. ముఖద్వారం నుంచి ఆయన చిక్కుకున్న పంపు గదికి దారి చూపమంటే లేదంటోంది.”

“వెనక గాలి బయటికి లాగే ఫ్యాన్ బావి ఉందిగా? మా రెస్క్యూ దళమంతా అక్కడే కాసుకుని ఉంది.”

“అక్కణ్ణుంచీ అడిగాను. అక్కణ్ణుంచీ లేదు.”

“పోనీ, దిగి వెతుక్కుంటాంలే.”

“ఆ పాత సొరంగాల్లోనా? మీరూ దారి తప్పుతారు. అవి తెలిసిన మనిషి ఒక్కరే, ఆయన లోపలున్నారు. ఇంట్లో కళ్ళజోడు ఎక్కడ పెట్టారో గుర్తుండదు గానీ, గనిలో ప్రతి మలుపూ నోటికొచ్చు.”

“ఏడవకక్కా. తెర కనపడదు.”

“ఏడవట్లేదు. ఉక్కపోస్తోంది. ఆ కిటికీ తియ్యి.”

“వద్దు.”

“ఏం?”

“ఫ్యాన్ మోత. నీ ధ్యాస చెదురుతుంది.”

“పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మోతలోనే బతుకుతున్నా. కిటికీ మూసినా వినపడేది ఇదివరకు.”

“బయట జనం గోల. అందులో కలిసిపోయింది.”

“అది లాగుతున్నంతసేపూ ఆయనకి ఊపిరాడుతుంది. లాగుతోంది కదూ?”

“నువ్వు పని చూడక్కా.”

“అడిగినదానికి చెప్పవేం?”

“తొందరగా కానీ. తొందరగా!”

“నీకంటే ఇదే నయం. మీ బావ అంటూంటారు, దీన్ని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, నీ తమ్ముడిలా నసగదు అని... ఉండు.”

“ఏంటి?”

“గాలి ఎలా వస్తోందిరా?”

“ఏ... ఏ గాలి?”

“ఇన్నాళ్ళూ గాలి పంపు గది దాటుకునే కదా, ఫ్యాన్ బావిలోంచి బయటికొచ్చింది? గాలికున్న దారి మనిషికెందుకు లేదు?”

“నేననేదీ అదే!”

“ఈ గీతలు గీసింది మీ బావ. గాలి లెక్క కోసం గీశారు. ప్రతి గీతా ఒక్కవైపే పోతుంది, గాలి పోయే వైపు. పంపు గది నుంచి ఫ్యాన్‌కి. నేనేమో ఫ్యాన్ నుంచి పంపు గదికి అడుగుతున్నా. లేదనక ఏమంటుంది?”

“గాలికి ఎదురు నడుస్తాడు మనిషి, ఆమాత్రం తెలీదా దానికి?”

“నేను చెప్పందే ఎలా తెలుస్తుంది? ఇంతసేపూ చెప్పలేదు, నా మొహం మండ!”

“తిట్టుకోడం తర్వాత. ఇప్పుడేం చెయ్యాలి?”

“గీతలన్నీ లోపల ఒక మ్యాట్రిక్స్‌లో, ఏ చుక్క నుంచి ఏ చుక్కకో చెప్పే పట్టికలో ఉంటాయి. అడ్డవరుసల్ని నిలువువరుసలు చేసేస్తే, ప్రతి గీతా వెనక్కి తిరుగుతుంది. ఒక్క కమాండ్ చాలు, ఒక్కటి... వేళ్ళు ఆడట్లేదురా.”

“లే, నేను కొడతా.”

“తప్పుకో. ఒక్క అక్షరం పోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఇదిగో... కొట్టాను.”

“ఏమంది?”

“వెతుకుతోంది, ఉండు.”

“అక్కా! ఏమంది?”

“ఉంది. ఉందిరా, ఉంది! ఫ్యాన్ బావి, ఎడమ సొరంగం, పాత ట్రాలీ దారి, నీళ్ళ మలుపు, పంపు గది. దారుంది!”

“ఎడమ, ట్రాలీ, నీళ్ళ మలుపు. వెళ్తున్నా.”

“ఆగు! ఫ్యాన్ తిరుగుతుంటే ఎలా దిగుతావు? రెక్కలు నరికేస్తాయి. ముందు ఆపించు. ఆపితే ఆయనకి గాలి... ఆపీ ఆపగానే పరుగెత్తాలిరా, ఎక్కడా ఆగకూడదు. ఫోన్ చెయ్యి, ఫ్యాన్ ఆపమను. చెయ్యవేం? ఏంటలా చూస్తావు?”

“ఆపక్కర్లేదక్కా.”

“ఆపకుండా ఎలా రా—”

“కప్పు కూలినప్పుడే ఫ్యాన్‌కెళ్ళే కరెంటు తీగ తెగిపోయింది. అప్పట్నుంచీ తిరగట్లేదు. మోత లేదని నీకు తెలిస్తే వేళ్ళు అసలే ఆడవని... కిటికీలు నేనే మూశాను.”