తప్పు రాసే టీచరు

సత్తెనపల్లి దగ్గరి పల్లె బడి వరండాలో ఇంగ్లీషు టీచరును హెడ్మాస్టరు ఆపారు.

“ఏం టీచర్‌గారూ, బోర్డు మీద ‘ఐ ఈజ్ టీచర్’ అని రాశారంట?”

“కావాలనే రాశానండి.”

“పిల్లలు అదే నేర్చుకుంటే?”

“జూన్ నుంచి ఒప్పే రాశానండి, ఒక్కళ్ళూ నోరు తెరవలేదు. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. ఇప్పుడు నా తప్పు పట్టుకోవాలని పాఠం ముందే చదువుకొస్తున్నారు.”

“రేపు పై ఆఫీసరు వస్తున్నారు. ఆయన ముందు మీ పరువేం కావాలి?”

ఆ మాట గుచ్చుకున్నా ఆమె తగ్గలేదు.

“పోతే నాదే గదండీ పోయేది. రేపూ తప్పే రాస్తాను.”

“ఆ వెనక వరస పిల్ల, స్తుతి కూడా మాట్లాడుతోందా?”

“ఇంకా లేదండి. మిరపకోతలకు పోయి బడికి దూరమైంది. వెనకబడ్డానని తలే ఎత్తదు.”

హెడ్మాస్టరు క్లాసులోకి నడిచి, సుద్దముక్క తీసుకుని ‘షి ఆర్ అవర్ టీచర్’ అని రాశారు. ఆయన తప్పు దిద్దడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. టీచరు గుమ్మంలోనే నిలబడింది. చాలాసేపటికి వెనక వరసలో స్తుతి లేచింది.

“సార్... ‘ఆర్’ కాదండి. ‘షి ఈజ్’.”

ఆయన మెల్లగా దిద్ది, బయటికొచ్చారు.

“రేపు ఆ ఆఫీసరు ముందు తప్పు నేను రాస్తాలేమ్మా.”