బయానా

తిరుపతిలో తాయమ్మ తన ఇంటి ముందుగదిని కొండకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తుంది. బయానా ఇచ్చి గది మాట్లాడుకున్న పలమనేరు ఆయన ఒక్కడే వచ్చి వీధిలో నిలబడ్డాడు.

“పిల్లోళ్లు యాడబ్బా? బిడ్డకు తలనీలాలు అన్నావే?”

“మా నాయన పోయినాడక్కా. ఏడాది దాకా కొండెక్కకూడదు. గది వద్దని చెప్పేదానికి వచ్చినాను.”

“అయ్యో! ఆ మాట వీధిలో నిలబడి చెప్తావా? లోపలికి రా.”

“మైలలో ఉండాను. ఈడే మేలు. ఆ బయానా ఇచ్చేస్తే బస్సుకు పోతాను.”

“నీకోసం మదనపల్లె వాళ్లను పంపించేసినాను. పైగా బయానా వెనక్కిచ్చే ఆచారం ఈ వీధిలోనే లేదు.”

“సరేలే అక్కా. అడగడం నాదే తప్పు.”

అతను వెనక్కి తిరిగాడు. తాయమ్మ గబగబా మెట్లు దిగింది.

“ఉండబ్బా, ఇస్తాను. అన్నం తింటేనే ఇస్తాను. పిల్లోళ్లు వస్తారని పెద్ద కుండలో వండినాను.”

“బయానాకు తాకట్టు అన్నమా?”

“ఏదో ఒకటి అనుకో.”

“మీ ఇంటికి మైల అంటుతాదక్కా.”

“అంటనీలే. నేను తప్ప అంటేదానికి ఈ ఇంట్లో ఇంకెవరుండారు?”

అతను ఆమె వెనకాల ఉన్న ఇంటిని కాసేపు చూశాడు. తర్వాత కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు అడిగాడు.