డాలరులో నూటపది సెంట్లు

ఆ ఏడాది ఊరి జమాఖర్చుల నివేదిక పుస్తకం అట్టమీద ఒడెట్ ఫొటో వేశారు. లైల్‌కి కడుపు మండిపోయింది. ఏటా ఫిబ్రవరిలో ఆ పుస్తకాన్ని ఊళ్లో ఒకరికి అంకితమిస్తారు. ఇరవై ఏళ్లుగా లైల్ ఆ పుస్తకం వచ్చే రోజు అందరికంటే ముందుగా పోస్టాఫీసుకి వెళ్లి నిలబడి, ఈసారి తన మొహమే వస్తుందని అట్ట చూసుకునేవాడు. రాలేదు సరికదా, ఇప్పుడు చిన్నబడిలో పిల్లలకి సూప్ కాచిపోసే ఒడెట్ మొహం వచ్చింది. కింద "మన చిన్నబడి వాటా నిలబెట్టిన ఒడెట్ గారికి" అని అచ్చు వేశారు. ఆమె మీద అసూయతో ఆ పొద్దున పాన్‌కేకులు కూడా సహించలేదు పాపం.

మూడు రోజుల తర్వాత, డ్వైట్ కొట్లో పొయ్యి చుట్టూ చేరి ఊరివాళ్లు కాఫీలు తాగుతున్నారు. అందరూ కిందటేడు బడ్జెట్టు మీద ఓట్లకి చిన్నబడి ఆటల హాల్లో జరిగిన ఊరి సభలో ఉన్నవాళ్లే. అయినా లైల్ నోరు విప్పితే కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు.

"వాళ్లేం రాసుకుంటే రాసుకోనీ. కిందటి మార్చిలో ఏం జరిగింది? మన పెద్దపిల్లలు వెళ్లే పక్క ఊరి హైస్కూలుకి మంచు మీద ఆడుకునే మైదానం కావాలన్నాడు బళ్ల సూపరింటెండెంటు. చదువుల బడ్జెట్టులో డాలరుకి ముప్పైనాలుగు సెంట్లు చిన్నబడికి వస్తుంటే, ఇరవైరెండు చాలన్నాడు. అంత కోస్తే మన రెండు తరగతి గదుల బడి మూతే కదా! అప్పుడు లేచాను. పెద్దగా ఏం చెయ్యలేదు, ఊరికే దగ్గాను."

"దగ్గావా?" అన్నాడు డ్వైట్.

"దగ్గానంతే. ఆ దగ్గుకి బాస్కెట్‌బాల్ వల గడగడా ఊగింది, కప్పుమీది మూడడుగుల మంచు జారి సూపరింటెండెంటు కారు మీద పడింది. కారు ఏప్రిల్లో దొరికిందిలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'ఆరేళ్లప్పుడు అక్షరం రానివాడు పదహారేళ్లకి మంచు మీద జారి ఏం చదువుతాడయ్యా?' అన్నాను. హైస్కూలు ప్రిన్సిపాలు బొటబొటా ఏడ్చాడు. ఆ కన్నీళ్లు తుడవడానికి ఒడెట్ వంటింట్లోంచి తువ్వాలు తెచ్చింది. ఆమె చేసిందల్లా అదే. తువ్వాలు తెస్తే అట్టమీద ఫొటోనా?"

 లైల్ కప్పులో మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"మరి ఓట్ల సంగతో?" అన్నాడు పాడి రైతు హార్వే, మీసాల్లో నవ్వు దాచుకుంటూ.

"అక్కడికే వస్తున్నా! చిన్నబడి వాటా ఉండాలన్నవాళ్లు ఎడమ గోడకి, వద్దన్నవాళ్లు కుడి గోడకి నిలబడమన్నారు. కుడివైపు ఒక్కడు వెళ్తే ఒట్టు! జనం తాకిడికి ఎడమ గోడ రెండడుగులు బయటికి జరిగింది, కావాలంటే వెళ్లి కొలుచుకోండి. లెక్కపెడితే నాలుగువందల పన్నెండు మంది."

"ఊళ్లో ఉన్నదే మూడువందల మందిమి."

"పక్క ఊళ్లవాళ్లు కిటికీల్లోంచి చేతులెత్తారు మరి! స్మశానంలోంచి మా తాత కూడా వచ్చాడని కొందరన్నారు. నేను చూళ్లేదు, చూడనిది చెప్పను. సరే, వాటా ముప్పైనాలుగు ఏం సరిపోతుంది, యాభై చెయ్యండన్నాను. చేశారు. ఎనభై అన్నాను. చేశారు. చివరికి డాలరులో నూటపది సెంట్లు రాయించాను!"

"డాలరులో ఉండేది వందే కదయ్యా లైల్!"

"సూపరింటెండెంటూ అదే అన్నాడు! మిగతా పదీ నీ జేబులోంచి తియ్యమన్నాను. తీశాడు. ఆ వార్త విని కెనడా నుంచి ఒక మంత్రి మన బడి చూడ్డానికొచ్చి, ఒకటో తరగతి కుర్చీలో ఇరుక్కుపోయాడు. లాగి బయటపడేసింది ఎవరనుకున్నారు?"

కొట్టంతా నవ్వులే. లైల్‌కి మూడు రోజుల మంట కాస్త చల్లారింది. అప్పుడు అరల వెనక నుంచి బడికి ఉల్లిపాయల సంచీ మోసుకుంటూ ఒడెట్ వచ్చింది.  ఆమె మొహంలో ఏ గర్వమూ లేదు. అది చూసి లైల్‌కి ఇంకా ఒళ్లు మండింది.

"నువ్వే చెప్పు ఒడెట్, ఆ రోజు నేను దగ్గానా లేదా?"

"దగ్గలేదు. గురక పెట్టావు."

"ఏంటీ?"

"సభ మధ్యలో భోజనాలకి లేచినప్పుడు బీన్స్ మూడు పళ్లేలు, మేపుల్ పాకంతో నేను చేసిన తీపి 'పై' నాలుగు ముక్కలు లాగించావు. వెళ్లి చిన్నపిల్లల గదిలో, వాళ్లు పడుకునే పరుపుల మీద వాలిపోయావు. ఓట్లు మొదలయ్యాయని నిన్ను లేపడానికే వచ్చాను."

"మరి లేపలేదేం?"

"బడి బడ్జెట్టు వచ్చిన ప్రతిసారీ పన్నులు, పన్నులని అరుస్తూ కుడి గోడకి నిలబడేది ఎవరు? లేపబోయి ఆగాను. పిల్లల దుప్పటి ఒకటి తెచ్చి కప్పి, తలుపు మెల్లిగా మూసి వెళ్లాను. మాకు అరవైఒకటి, అవతలివాళ్లకి అరవై. నువ్వు లేచొచ్చి ఉంటే సమానమయ్యేది. సమానమైతే ఓడినట్టే, బడికి తాళం పడేది."

 లైల్ లేచి పొయ్యిలో ఒక కట్టె పడేశాడు.

"అంటే..." అన్నాడు చేతులు దులుపుకుంటూ, "బడి నా వల్లే నిలబడిందన్నమాట."

"నీ వల్లే, కాదన్నదెవరు?" అంటూ ఒడెట్ సంచీ భుజానికెత్తుకుంది. "అందుకే వచ్చే మంగళవారం బడ్జెట్టు సభకి నీ ఒక్కడికోసం మేపుల్ 'పై' ఒకటి విడిగా చేస్తున్నా."