దండ వేసిన బేస్‌బాల్ ఫొటో

నమ్మకానికి తేదీ అడగవచ్చునా? సింగపూరు యూ టీ పేటలోని తన ఫ్లాట్‌లో, దండ వేసిన తన తాత ఫొటోను పక్కింటి శర్మిల భూతద్దంతో పరిశీలిస్తూంటే పరశురాముడు తనను తాను ప్రశ్నించుకున్నాడు. పాత బేస్‌బాల్ ఫొటోలు సేకరించి, వాటి కాలం తేల్చడం ఆమెకు ఇష్టమైన పని.

“తాతగారు ఎప్పుడు పోయారు అంకుల్?”

“పంతొమ్మిది వందల ఇరవయ్యారులో. జొహోర్ రబ్బరు తోటలో అమెరికన్ దొరలతో ఆడేవాడట. ఉన్నది ఈ ఒక్క ఫొటోనే.”

“ఈ గ్లవ్ చూడండి. వేళ్ళన్నీ తోలుతాడుతో కలిపి కట్టారు. నలభైలకు ముందు ఇలాంటివి లేవు.”

“అంటే, తాత కాదా?”

“కాదు అంకుల్. సారీ.”

“చిన్నప్పుడు పరీక్షలకు వెళ్తూ ఈయనకే దణ్ణం పెట్టేవాణ్ణమ్మా.”

“పాసయ్యారా?”

“అన్నీ!”

“మరింకేం, దండ ఉండనివ్వండి.”

“మా నాన్న దండ వేసేనాటికి ఈయన ఎక్కడో నిక్షేపంగా ఆడుకుంటూ ఉండుంటాడు, పాపం!” పరశురాముడు నవ్వబోయి ఆగాడు. “తాత ముఖం నాకిక తెలిసే దారి లేదు. ఈయన ముఖం కోసం మాత్రం ఏ మనవడో వెతుకుతూ ఉండవచ్చు. దీన్ని ఫోనుతో ఫొటో తీసి, పాత ఫొటోలు సేకరించే మీ గ్రూపులో పెట్టమ్మా.”

“ఇప్పుడేనా?”

పరశురాముడు అప్పటికే ఫ్రేము వెనక మేకులు పీకుతున్నాడు. ఫొటోను బయటికి తీసి, కిటికీ వెలుగులో ఆమె ఫోను ముందు పట్టుకున్నాడు.