ఎనభై నాలుగో మొక్క

శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ ఇంటి వసారా. దామోదరం, ఆయన కూతురు రేవతి.

"ఇంకా గుడ్డ తడపనే లేదా నాయనా?"

"పాలు దొరకలా."

"నిన్న కరక్కాయ దొరకలా అన్నావు."

"నిన్న కరక్కాయ దొరకలా, ఈ పొద్దు పాలు దొరకలా. ఎనుము పాలే కావల్ల. ప్యాకెట్టు పాలల్లో నానేస్తే రంగు పాకతాది."

"మొన్న నల్లరంగు పులవలా అన్నావు. బెల్లం, ఇనుపముక్కలు నానేసి నెలాయె. కుండ మూత తీస్తే వీధంతా కంపు."

"కంపు కొడితే సాలదు, చిక్కబడల్ల."

"నాయనా, మన కాలనీ తోటలో ఉండే కొండమొక్కలు ఎనభై నాలుగు. ఎనభై మూడు రెండేండ్లలో గీసేసినావు. మొక్క పేరేంది, ఏ మందుకు పనికొస్తాది, ఎవురు తెచ్చి నాటినారు అని నేను నా చదువు పుస్తకంలో రాసుకునే లోపల నీ బొమ్మ అయిపోతా ఉండె. ఇంకా రాస్తానే ఉండావా పాపా అని ఎగతాళి చేస్తా ఉంటివి. ఒక్క నన్నారి తీగకాడ మూడు నెలలు నిల్చిపోతివి."

"పూత రానీ, గీస్తా."

"వచ్చి, పోయి, కాయ కూడా పట్టింది."

"అట్లనా? నేను సూడలా."

"దినామూ తోటకు పోతావు, సూడలేదా?"

"నేను పొయ్యేది నీళ్ళు పోసేదానికి. టిఫిను తిన్నావా?"

"మాట మార్చొద్దు. ఈడ కూర్చో. నాకు తెల్సు నాయనా."

"ఏం తెల్సు?"

"నలభై ఏండ్లు కలం పట్టినోడివి, చెప్పుకునేదానికి నామోషీగానే ఉంటాది."

"ఏం తెల్సు, చెప్పు."

"నీ చెయ్యి వణకతా ఉండాది."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పల్ల? ఆఫీసు నుంచి జయరావు మన బొమ్మలు తీసుకపోను వచ్చినప్పుడు టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటివి. సగం చొక్కా మింద పోసుకుంటివి. నేను తలుపుకాణ్ణించి సూసినా. వంటింట్లోకి పోయి ఏడ్చినా."

"ఏడ్చినావా?"

"ఏడవనా మరి? నాకు కలం పట్టేది నేర్పిన చెయ్యి అది."

"నువ్వు ఏడుస్తావని తెలిసుంటే..."

"తెలిసుంటే?"

"ఏం లేదు. కలం ఇట్లియ్యి. ఆ పాత గుడ్డ పరుచు."

"వద్దులే నాయనా."

"పరుచమ్మా. ఇదిగో, సూడు. మూర పొడుగు గీత. యాడన్నా వణికిందా?"

"లేదు."

"ఇంకోటి. ఎంటిక లావు గీత ఇది. దగ్గరికొచ్చి సూడు."

"లేదు నాయనా. మరి ఆ పొద్దు టీ..."

"జయరావు సూడల్లని పోసుకున్నా."

"ఏంటికి? ఆయప్ప తోట మేలు కోరే కదా వస్తా ఉండేది? మొక్కలన్నీ పుస్తకంలోకి ఎక్కితే తోటను ఎవురూ ముట్టుకోలేరని కాలేజీలో మా సారు కూడా చెప్పినాడు."

"మీ సారుకు ఎవురేం చెప్పినారో నాకు తెలీదు. తోట సంఘానికి పెద్దనని నా పేరు మింద జయరావు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మూడు నెలలాయె."

"నాకు చెప్పలేదే?"

"చెప్పలా."

"ఏముండాది దాంట్లో?"

"పెద్ద రోడ్డు తోట మింద పోతాదంట. అరుదైన మొక్కలు కాబట్టి ముందు అన్నిటికీ బొమ్మలతో సహా రికార్డు చేయల్లంట. ఆఖరి మొక్క రికార్డు చేతికొచ్చిన వారానికి జేసీబీ తోలుకోవచ్చంట."

"అంటే... మనం రాస్తా ఉండేది..."

"అదే. పుస్తకంలో ఉంటాయి గదా, ఇంక మట్టిలో ఏంటికి అని."

"నాకేంటికి చెప్పలేదు నాయనా?"

"చెప్తే పుస్తకం నిలిపేస్తావు. మూడేండ్లు ఎండలో తిరిగి చదివిన చదువు పోతాది. బొమ్మ గీస్తే తోట పోతాది. రెండూ పోగొట్టుకునేదానికి నాకు మనసు రాలా. అందుకని ఒక్క మొక్క మిగిలిచ్చినా. ముసిలోడి చెయ్యి పడిపోయింది, కాచుకోనుంటారులే అనుకున్నా."

"ఇంకొకర్ని పెట్టి గీయించమంటే?"

"అడిగినారు. ఎనభై మూడు ఒక చేతివి, ఒకటి ఇంకో చేతిది అంటే ఒప్పుకోమని సంఘం తరపున రాసిచ్చినా. సరే అన్నారు."

"తోట కోసరం ఇంత చేసినావా?"

"ఆడ ముందర ఏముండె? ముళ్ళకంప, కాలనీ చెత్త. మన కాలనీ నాగరత్నమ్మ మొదటి మొక్కను కొండ నుంచి సంకలో పెట్టుకోని తెచ్చింది. నా ఎర్రరంగు వేరు ఆడిదే. పక్కింటి రూతు బిడ్డకు కామెర్లొస్తే నేల ఉసిరి ఆడిదే. ముప్పై ఇండ్లోళ్ళు బిందెల్తో నీళ్ళు మోసినారు. వాళ్ళ దగ్గరికి ఏ మొగం పెట్టుకోని పొయ్యేది నేను? ఇంక బొమ్మల్లో సూసుకోండమ్మా అని చెప్పల్లనా?"

"నాయనా..."

"నువ్వేం దిగులు పడొద్దు. తిరుపతిలో వకీలమ్మతో మాట్లాడినా. ఇంకో రెండు నెలలు ఎట్లన్నా లాగండి, కోర్టులో ఆపిస్తా అన్నది. లాగుతా. నీ పుస్తకం యాడికీ పోదు. ఏంటికట్లా అయిపోతివి?"

"నీ చెయ్యి పోయిందనుకున్నా నాయనా."

"పోలేదని ఇప్పుడే సూస్తివి గదా."

"నలుగుర్లో తలొంచుకుంటావని... నువ్వు తోటకు పోయిన పూట..."

"ఏం చేసినావు?"

"నన్నారి తీగ నేనే గీసినా. కింద నీ పేరు రాసినా. పోయిన శుక్రవారం జయరావు చేతికి ఇచ్చేసినా."

"ఉండు. ఉండు, కంగారు పడొద్దు. నీ గీత వేరే, నా గీత వేరే. అన్ని బొమ్మలు సూసినోడు, ఆయప్ప కనిపెట్టకుండా ఉంటాడా? ఏమన్నాడు?"

"అచ్చం మీ నాయన చెయ్యే అన్నాడు."