మా ఆవిడ ట్రేల దగ్గరికి ఎందుకు వెళ్ళింది

సభాధ్యక్షులు, విమానాశ్రయ భద్రతాధికారి గారికీ, ముందు వరుసలో ఉన్న మీ విభాగం డాక్టరు గారికీ, షిఫ్టు మధ్యలో యూనిఫారంతోనే వచ్చి, వాచీ చూసుకుంటూ కూడా మొహం మీద నవ్వు చెదరనివ్వని మా ఆవిడ తోటి ఉద్యోగులకీ, పెద్దలకీ, మిత్రులకీ నమస్కారం. నేను దర్జీని. మనిషి ఎదురుగా నిలబడితే నా చెయ్యి టేపు మీదికి పోతుంది గానీ మైకు మీదికి పోదు. భార్య పదవీ విరమణ కదా, రెండు ముక్కలు మాట్లాడండి అన్నారు. మా పనిలో రెండు ముక్కలంటే ముందు భాగం, వెనక భాగం మాత్రమే. చేతులూ కాలరూ విడిగా కత్తిరించాలి. అందుకని కాస్త ఓపిక పట్టాలి మీరు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళంతా ఆవిడ క్రమశిక్షణని మెచ్చుకున్నారు. సంతోషం. మీరు దాన్ని షిఫ్టు ఉన్నంతసేపే చూశారు, షిఫ్టు దిగాక దానితో కాపురం చేసినవాణ్ణి నేను. కూరగాయల సంచీతో ఇంటికొస్తే గుమ్మంలోనే ఆపి, "ఈ సంచీ మీరే సర్దారా? దారిలో ఎవరి చేతికైనా ఇచ్చారా?" అని అడిగేది. కొట్టువాడు సర్దాడంటే, మళ్ళీ అన్నీ బయటపెట్టి సర్దాల్సిందే. ఒకసారి మా చెల్లెలు మాతో విమానం ఎక్కుతూ, అడుగున కాస్త మిగిలిన పెద్ద సెంటు సీసా చేతిసంచీలో వేసుకుంది. ఆ రోజు ఈవిడకి సెలవు. అయినా సరే, ఇంట్లోనే సంచీ తెరిపించింది.

"వదినా, లోపలున్నది నాలుగు చుక్కలే కదా!" అని అది గోల.

"నాలుగు చుక్కలైతే నాలుగు చుక్కలు పట్టే సీసాలో తెచ్చుకోవాలమ్మా. రూలు సీసాకి, చుక్కలకి కాదు."

మా చెల్లెలు పౌరుషం గల మనిషి. ఊరికే పారేయడం దేనికని ఆ సెంటంతా ఒంటి మీద కుమ్మరించుకుంది. విమానంలో మా వెనక కూర్చున్న పెద్దాయన కిటికీ తెరుచుకుంటుందా అని అడిగాడు. (నవ్వులు)

టూత్‌పేస్టు దగ్గర నేనూ వాదించాను. అది ద్రవం ఎలా అవుతుంది అన్నాను. పిండితే బయటికొచ్చేదేదైనా ద్రవమే అంది. అలాగైతే నేనూ ద్రవమే, పెళ్ళైన దగ్గర్నుంచీ పిండుతూనే ఉన్నావు కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు. పేస్టు తీసి పక్కన పెట్టింది.

సరే, ఇలాంటివి పొద్దుపోయేదాకా చెప్పొచ్చు. ఇక నేను వచ్చిన పనిలోకి వస్తాను. పోయిన వారం మీ జీతాల గుమస్తా ఏవో కాగితాల మీద సంతకాల కోసం మా ఇంటికొచ్చాడు. మంచివాడు. కాఫీ తాగుతూ, మంచి మనసుతోనే అన్నాడు: "పాపం, అక్కని ఆఖర్లో స్క్రీను ముందు నుంచి లేపకుండా ఉండాల్సింది బావగారూ. ఒక్క తప్పుకి అంత శిక్షా?" వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అతను వెళ్ళాక ఆవిడ ఇవతలికొచ్చి, ఈ సభకి రానంటే రానంది. వీడ్కోలు కాగితం పోస్టులో పంపించమనండి అంది. ఇవాళ ఇక్కడికి తీసుకురావడానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఏం తప్పు బాబూ అని ఆ గుమస్తాని వీధిగుమ్మం దగ్గర అడిగాను. "అదే, ఆ పెద్ద క్యూ రోజు..." అని నసిగాడు.

ఆ రోజు మీ అందరికీ గుర్తుంటుంది. ఆవిడ సంచీల లోపలిది చూపించే ఎక్స్‌రే స్క్రీను ముందు కూర్చుని, వచ్చిన సంచీనల్లా పక్కకి తీయించి, విప్పించింది. పసిబిడ్డ పాలసీసా దగ్గర్నుంచి పైలట్ గారి టిఫిన్ డబ్బా దాకా దేన్నీ వదల్లేదు. క్యూ తలుపులు దాటి టాక్సీల దాకా పోయింది. అధ్యక్షులవారి అత్తగారు కూడా ఆ క్యూలో ఉన్నారనీ, విమానం తప్పిపోయి, ఇంకో వారం అల్లుడిగారింట్లోనే ఉండిపోవాల్సి వచ్చిందనీ విన్నాను. అందుకు మా కుటుంబం తరఫున క్షమాపణ చెబుదామనుకున్నాను. అత్తగారికి చెప్పాలో అల్లుడిగారికి చెప్పాలో తేల్చుకోలేక ఆగిపోయాను. (నవ్వులు. అధ్యక్షులవారు కూడా)

మర్నాటి నుంచి ఆవిడ స్క్రీను దగ్గర లేదు. ఇవాళ్టికి రెండేళ్ళు. ట్రేల దగ్గర నిలబడి, బెల్టు తీయండి, ల్యాప్‌టాప్ బయటపెట్టండి, పవర్ బ్యాంకు సంచీలో కాదు ట్రేలో పెట్టండి అని గొంతు పోయేలా అరిచింది. నడుంనొప్పి వల్ల పని మార్చమని అర్జీ పెట్టుకుంది. కూర్చునే పని నుంచి నిలబడే పనికి నడుంనొప్పి పేరు చెప్పి మారిన మనిషి ఇంకెక్కడా ఉండదు. మీరు నమ్మకపోవడంలో తప్పేం లేదు. ఏ కత్తో కళ్ళముందు నుంచే జారిపోయి ఉంటుంది, పెద్దవాళ్ళు పరువు కాపాడ్డానికి నడుం అడ్డం పెట్టారు అనుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారట కూడా.

అసలు సంగతి నాకు తెలుసు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ముందు వరుసలోంచి ఇప్పుడు నా మీదికొస్తున్న చూపు వెనకవాళ్ళకి కనబడదు, నాకు బాగానే కనబడుతోంది. కూర్చోవోయ్. ఆ ఒట్టు ఉద్యోగం ఉన్నన్నాళ్ళకే. పొద్దున సంతకాలన్నీ అయిపోయాయి. ఇక నిన్ను ఇంటికి పంపిస్తామని ఎవరూ బెదిరించలేరు, ఎలాగూ ఇంటికే వస్తున్నావు.

మా ఇద్దరి పనికీ పెట్టుబడి ఒకటే, రంగు పోల్చే కన్ను. స్క్రీను మీద బట్టలూ తిండీ సబ్బులూ నారింజ రంగులో, ఇనుము నీలంగా, అటూ ఇటూ కానివి ఆకుపచ్చగా కనబడతాయని పెళ్ళైన కొత్తలోనే నాకు చెప్పింది. కొత్త పెళ్ళికూతుళ్ళు వేరే కబుర్లు కూడా చెబుతారని నాకు తర్వాత తెలిసింది. సెలవు రోజున నా కొట్లో కూర్చుని బొత్తాలు కుట్టిపెట్టేది. అలా రెండేళ్ళ కిందట ఒక రోజు ఎవరిదో ఆకుపచ్చ కోటుకి గోధుమరంగు దారంతో బొత్తాలన్నీ కుట్టేసింది. ఎంత గట్టిగా కుట్టిందో! నేను విప్పుతుంటే, "ఎందుకు విప్పుతున్నారు?" అంది.

"దారం రంగు వేరు."

రీలు వెలుతుర్లోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "రెండూ ఒకటేగా" అంది.

మర్నాడే మీ పెద్ద క్యూ. స్క్రీను ముందు కూర్చున్నాక, నారింజకీ ఆకుపచ్చకీ మధ్య తేడా పలచబడిపోయిందని ఆవిడకి ఖాయంగా తెలిసింది. ఆ పూట ఆ కుర్చీలోకి రావడానికి వేరే మనిషి లేరు. ఆకారాన్ని బట్టి పోల్చగలదు, కానీ సరిగ్గా చూశానన్న ధైర్యం లేకుండా ఒక్క సంచీని కూడా విమానంలోకి పంపించనని, షిఫ్టు అయ్యేదాకా అన్నీ చేత్తో వెతికించింది. బుర్రుందా అన్నారు, పొగరన్నారు, పడింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "ఏమండీ, నా కళ్ళని నేను నమ్మలేకపోతున్నానండీ" అంది. మా కాపురంలో ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

బయట కంటి డాక్టరుకి చూపించాం. కంటి వెనక నరం నీరసించిందట. చూపుకి ఢోకా లేదు, పోయిన రంగులు మాత్రం రావన్నాడు. రూలు ప్రకారం రంగులు తెలియనివాళ్ళకి మీ విభాగంలో ఏ పనీ లేదు. ఆవిడకి ఉద్యోగం కావాలి, పొరపాటు జరగడానికి వీలున్న ఆ కుర్చీ మాత్రం వద్దు. అందుకే ఆ నడుంనొప్పి.

మరి ఏటేటా కంటి పరీక్ష ఉందిగా, పాసైందిగా అని మీరు అడగొచ్చు. పాసైంది, రెండేళ్ళూ పాసైంది. డాక్టరు గారు అబద్ధం రాయలేదు. ఈవిడ మోసం చేద్దామని వెళ్ళలేదు, పేజీ తెరవగానే నోరు దానంతటదే చెప్పేసింది, మొదటిసారి మెట్లు దిగుతుంటే గానీ ఆవిడకే తట్టలేదు. ఎలాగంటారా? మీరే చెప్పండి. ఏటా మీ అందరికీ చూపించే ఆ రంగు చుక్కల పుస్తకంలో, చుక్కల మధ్య అంకె కనిపెట్టాలి కదా. మొదటి పేజీలో అంకె ఎంత?

(సభలోంచి ఒక్క గొంతుతో: "పన్నెండు!")

రెండో పేజీ?

("ఎనిమిది!" నవ్వులు)

మూడు?

("ఆరు!" పెద్దగా నవ్వులు)

నాలుగు?

("ఇరవై తొమ్మిది!" నవ్వు సగంలో ఆగిపోయింది)

అదన్నమాట. ఇంతమంది చెప్పారు. పుస్తకం ఇక్కడ లేదు.

డాక్టరు గారూ, మీరంటే నాకు గౌరవమే, నీళ్ళు తాగండి. అధ్యక్షులవారూ, ఆవిడ పెట్టుకోని అర్జీ నేను పెడుతున్నాను. పుస్తకం మార్పించండి. కొత్త పుస్తకంలో ఎవరైనా తప్పితే వాళ్ళని ఇంటికి పంపకండి, ట్రేల దగ్గర పని ఇవ్వండి. బెల్టు తీయమని చెప్పడానికి బెల్టు రంగుతో పనిలేదు. ఇంటికి పంపుతారన్న భయం లేకపోతే, తర్వాతి మనిషి నడుంనొప్పి అని చెప్పక్కర్లేదు.

గుమస్తా బాబూ, శిక్ష అన్నావు. ఆ కుర్చీలోంచి ఆవిణ్ణి ఎవరూ లేపలేదయ్యా, తనే లేచింది. ఆవిణ్ణి చూస్తే నాకు గర్వం. చాలా గర్వం. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట అనలేదు. అంటే, ఏదో దాచి ఈ మాట అంటున్నానని జేబులు వెతుకుతుందని భయం.

ఇంతమందిని పిలిచి ఆవిడకి ఈ మర్యాద చేసిన అధ్యక్షులవారికీ, నా సుత్తి భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు... ఏమయ్యా గుమస్తా, ఎందుకు లేచావు? నేనింకా ముగించలేదు. అదేమిటి, మీరందరూ లేస్తున్నారు? డాక్టరు గారూ, మీరు కూడానా? కూర్చోండి, కూర్చోండి...

(ఎవరూ కూర్చోలేదు. చప్పట్లు)

వద్దు, అలాగే ఉండండి. ఈ మనిషి మీ అందరి కోసం రెండేళ్ళు నిలబడింది. మీరు రెండు నిమిషాలు నిలబడితే ఎవరి నడుమూ పడిపోదు. సెలవు.