ఎదురు కుర్చీలో ఎవరు

మంగళవారం ఉదయం పదకొండున్నరకి, వారక్‌నా ఊరి బయట రైలు గేటు దగ్గర, ఆల్విన్ క్రాస్‌లీ పికప్ ట్రక్కు పట్టాల మీద ఆగి కనిపించింది. ఇంజిన్ నడుస్తోంది. ఆల్విన్ మెలకువగానే ఉన్నాడు. మధ్యాహ్నం అక్క నోరీన్ పోలీసు స్టేషన్‌కి వచ్చి అతన్ని తన కారులో ఎక్కించుకుంది.

"కళ్లు తెరిచే ఉన్నావట కదరా. ఆ పోలీసు పిల్ల అద్దం మీద కొడితే తిరిగి కూడా చూడలేదట."

"చూశాను."

"ఎప్పుడు?"

"చూసినప్పుడు. రోడ్డు చూసి నడుపు, నోరీన్."

"చూస్తూనే ఉన్నాను. పట్టాల మీద ఎంతసేపున్నావు?"

"తెలీదు. గ్రేమ్ దగ్గర్నుంచి బయటికొచ్చాను. తాళం తిప్పాను. తర్వాత ఆ పిల్ల."

"మధ్యలో?"

"మధ్యలో ఏం లేదు."

"ఏం లేదంటే?"

"ఏం లేదంటే ఏం లేదు. టీవీ కట్టేసినట్టు. గొడవ చేయకు, బాగానే ఉన్నాను."

"బాగానే ఉన్నాడట. రైలొచ్చుంటే ఇంకా బాగుండేవాడివి."

"మంగళవారం గోధుమల రైలు రాదు."

"అక్కడ ఆగినప్పుడు నీకది తెలుసా?"

"డాక్టరమ్మ ఏమంది?"

"ఐదింటిలోపు పేరు చెప్పమంది. ముగ్గురు కౌన్సెలర్లనీ చూసొచ్చావు కదా, ఎవరి దగ్గర వైద్యం మొదలుపెడతావో చెబితే వాళ్లకి చీటీ రాస్తుందట. మొదలుపెట్టేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దంది. టెస్ కూడా అదే అంది."

"టెస్‌కి ఎందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదు. నీ కూతురికి పోలీసులే ఫోన్ చేశారు."

"ఏమంది?"

"నీ మనవరాల్ని ఇక నీ బండెక్కించదట. శనివారాలు ఈత క్లాసుకి తనే తీసుకెళ్తుందట."

"ఊఁ."

"ఊఁ ఏంట్రా? వారమంతా ఆ శనివారం కోసమే కదా నువ్వు..."

"విన్నాను. గ్రేమ్ పేరు రాయించు."

"గ్రేమా? ఇవాళ వెళ్లింది ఆయన దగ్గరికే కదా?"

"మంచోడు. ఫుట్‌బాల్ క్లబ్బులో అందరూ ఆయన పేరే చెప్పారు. ఉన్ని కత్తిరించేవాడు కావాలన్నా, పళ్ల డాక్టరు కావాలన్నా క్లబ్బులో అడిగితే తప్పు పోదు."

"ఎందుకు పోదు? వాళ్లు పంపిన ప్లంబరే కదా మా ఇంట్లో వేడినీళ్ల గొట్టం తీసుకెళ్లి టాయిలెట్‌కి కలిపాడు."

"చలికాలం బాగుంటుందిగా."

"నవ్వించకు. ఆయన దగ్గర ఏం మాట్లాడావు?"

"అంతా."

"అంతా అంటే?"

"పిల్లల హోమ్ సంగతి. తొమ్మిదో ఏట నన్ను తీసుకెళ్లిన రోజు నుంచి. పడకల గది, సామాన్ల కొట్టు, ఆ వార్డెన్. అంతా. ఒక్క గంటలో. 'లోపలుంచుకుంటే కుళ్లుతుంది మేట్, కక్కెయ్' అన్నాడు. కక్కేశాను. రేపు వానొస్తుందా రాదా అని చెప్పినట్టు చెప్పాను."

"ఏడ్చావా?"

"లేదు. ఆయనే కాస్త ఏడ్చాడు."

"ఆయనా!"

"టిష్యూ కాగితం నేనే అందించాను."

"ఓరి దేవుడా. ఆయన్ని ఓదార్చి, బయటికొచ్చి, పట్టాల మీద ఆగావు."

"దానికీ దీనికీ సంబంధం లేదు."

"లేదా?"

"నాకేం అనిపించలేదంటున్నానుగా. ఏమీ అనిపించలేదంటే దెబ్బ తగల్లేదనే కదా."

"పోయినేడు గొర్రెల దొడ్డి గేటు కాలి మీద పడ్డప్పుడూ ఏమీ అనిపించలేదన్నావు. రెండెముకలు విరిగాయి."

"కాలు వేరు."

"సరే. ఆ రెండో ఆవిడ, టమ్సిన్?"

"వద్దు. ఆమె కౌగిలించుకుంటుంది."

"ఏంటీ?"

"వెళ్లగానే ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. నన్నడగలేదు. 'మనమంతా ఒక కుటుంబం' అంది. అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యమంది. మాత్రలు మానెయ్యమంది. ఇంకే డాక్టరూ అక్కర్లేదట."

"నువ్వేం చేశావు?"

"నిలబడ్డాను."

"వద్దని చెప్పలేదా?"

"వద్దనడం నాకెవరు నేర్పారు, నోరీన్?"

"సరే. సరే. ఆమె సంగతి వదిలెయ్. మూడో ఆవిడ? జోస్లిన్ పైక్."

"ఆమెకి వినే ఓపిక లేదు."

"ఎవరన్నారు?"

"మొదలుపెట్టగానే ఆపేసింది. 'నాకప్పుడు తొమ్మిదేళ్లు' అన్నాను. 'అది ఇవాళ వద్దు, ఆల్విన్' అంది. నా గొంతు వినపడుతోందా అంది. కిటికీలోంచి ఏం కనిపిస్తోంది అంది. యాభై ఏళ్లు ఆగి నోరు తెరిస్తే కిటికీ గురించి అడుగుతుంది!"

"ఏం కనిపించింది?"

"చెత్తడబ్బాలు. పచ్చమూతది కిందపడి ఉంది."

"ఇంకా?"

"పాదాలు నేలకి ఆనించమంది. కుర్చీ ఎక్కడ వేసుకుంటావంది. తలుపు పక్కన వేసుకున్నాను. తలుపు తెరిచి ఉంచాలా అని అడిగింది. ఇంత హంగామా."

"ఆ రోజు ఇంటికెలా వచ్చావు?"

"బండిలో."

"అది తెలుసు. దారి గుర్తుందా?"

"ఆఁ. గోధుమ గోదాముల దగ్గర రోడ్డు తవ్వుతున్నారు. ఆగమని పలక పట్టుకున్నావిడ సిగరెట్ కాలుస్తోంది. బ్రెడ్డు కొన్నాను."

"మొత్తం గుర్తుంది."

"బ్రెడ్డు కొనడం కూడా పెద్ద విషయమేనా?"

"ఇవాళ్టి దారి చెప్పు."

"ఇవాళ..."

"చెప్పరా."

"కారు పక్కకి తియ్యి."

"వాంతొస్తోందా?"

"ఏం రావట్లేదు. దారేం గుర్తు రావట్లేదు, అదే. ఆమె నంబరుందా నీ దగ్గర?"

"జోస్లిన్‌దా? ఉంది. నేను మాట్లాడనా?"

"నేనే మాట్లాడతాను. స్పీకర్లో పెట్టు. తర్వాత నాకు గుర్తు లేకపోతే నువ్వు చెబుదువుగాని."

"మోగుతోంది. ఇదిగో."

"హలో, జోస్లిన్‌ని."

"ఆల్విన్ క్రాస్‌లీ. పోయిన గురువారం వచ్చాను. మా అక్క పక్కనే ఉంది."

"గుర్తున్నారు, ఆల్విన్. మీ అక్క వినడం మీకిష్టమేనా?"

"ఆఁ. ఒకటడగాలి. నన్నెందుకు ఆపారు ఆ రోజు?"

"మీ ముఖం పాలిపోయింది. రెండుసార్లు పిలిచాను, మీరు పలకలేదు. గదిలో లేని మనిషి చేత ఆ సంగతులు చెప్పించకూడదు. ముందు ఉన్నచోట ఉండటం అలవాటు కావాలి. దానికి నెలలు పట్టొచ్చు. ఆ తర్వాత చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం."

"వినడం ఇష్టం లేక కాదా?"

"కాదు. ఆ ముక్క అప్పుడే చెప్పాల్సింది. చెప్పకపోవడం నా పొరపాటు."

"అమ్మా, నేను నోరీన్‌ని. ఇలాంటి చిన్ననాటి సంగతులున్నవాళ్లని ఇంతకుముందు చూశారా?"

"ఇదే నా పని, నోరీన్. చాలా ఏళ్లుగా. నా పని చూసి తప్పులు దిద్దే పెద్దావిడ ఒకరు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. కావాలంటే ఆవిడ పేరిస్తాను, కనుక్కోండి."

"మధ్యలో వీడికి నచ్చకపోతే?"

"మానెయ్యొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. వేరేవాళ్లని వెతకడానికి నేనే సాయం చేస్తాను."

"సరే. మీ పేరే రాయిస్తాను."

"ఒక్క నిమిషం, ఆల్విన్. దానికి ముందు నేనొకటి అడగాలి. మామూలుగా మొదటిరోజే అడుగుతాను. ఆ రోజు మిమ్మల్ని ఆపడంతో అది మిగిలిపోయింది. జరిగిందేదీ చెప్పొద్దు. హోమ్ పేరొక్కటి చెప్పండి చాలు."

"గ్లెన్‌మోరా."

"ఏ సంవత్సరాల్లో?"

"డెబ్బై మూడు నుంచి డెబ్బై ఎనిమిది."

"హలో? అమ్మా, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను, నోరీన్. మీ కారు ఆగి ఉందా?"

"ఆగే ఉంది. ఏం?"

"ఆల్విన్, నేను మీకు వైద్యం చెయ్యకూడదు."

"చూశావా, నోరీన్? చెప్పానా లేదా?"

"ఏంటమ్మా ఇది? ఇప్పటిదాకా చక్కగా మాట్లాడి..."

"ఇద్దరి పేర్లిస్తాను. ఈ పని బాగా తెలిసినవాళ్లు. నన్నడిగినవన్నీ వాళ్లనీ అడగండి. మీరు సరేనంటే మీ డాక్టరుతో ఐదులోపు నేనే మాట్లాడతాను."

"ఎందుకో చెప్పండి. కారణం చెప్పకుండా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారడం నాకు కొత్త కాదు."

"చెప్తాను. దాచే హక్కు నాకు లేదు. గ్లెన్‌మోరా నుంచి పారిపోయిన పిల్లల్ని వెతికి, వ్యాన్లో ఎక్కించి వెనక్కి తెచ్చేవాడు మా నాన్న. ఆ సంవత్సరాల్లోనే."

"ఆల్విన్? ఒరేయ్, ఇటు చూడు. ఫోన్ పెట్టెయ్యనా? ఆల్విన్!"

"పెట్టకు. పెన్నివ్వు."

"ఏంటీ?"

"పెన్నివ్వు, నోరీన్. చెప్పండమ్మా ఆ పేర్లు. రాసుకుంటున్నాను."